హౌరాలో నేను చంపిన మనిషి

నేనొక మనిషిని చంపిన. పట్టపగలు, దేవుని మందిరం వెనకాల, ఒక్క ఫోనుతోని. రక్తం చుక్క రాలలె. చచ్చిన మనిషే కాసేపటికి నా చెప్పు చేతిల పట్టుకొని నా వెనక ఉరికొచ్చిండు. ఇది నేనే చెప్పాలె, లేకుంటే మా చుట్టాలు పెండ్లిళ్లల్ల ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్తున్నరు. మా అల్వాల్ అత్త చెప్పే కథలనైతే నదిల ఒక మొసలి సుత ఉంటది. మొసలి లేదు. మిగిలిందంత నిజం.

అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. సికింద్రాబాద్‌ల ఒక బీమా ఆఫీసుల నౌకరి, డెత్ క్లెయిముల సెక్షన్. అంటే, మనిషి నిజంగ పోయిండా లేదా అని కాయితాలు చూసి తేల్చే కుర్చీ. ఎవరన్న కండ్లనీళ్లు పెట్టుకుంట వచ్చి "మా ఆయన పోయిండు మేడం" అంటే, తలెత్తకుండ "ఏ తారీకు? సర్టిఫికెట్ ఏదీ?" అని అడిగే రకం నేను. ఒక ముసలామె అయితే "పోయినోడు ఒక్కసారే పోయిండు బిడ్డా, నువ్వు దినాం చంపుతున్నవ్" అని శాపం పెట్టి పోయింది. ఆ శాపమే తగిలిందని నా అనుమానం.

జనవరిల మా ఆఫీసోళ్లు మూడు రోజుల ట్రైనింగుకు కలకత్తా పంపిన్రు. సీతాఫల్‌మండిల మా ఇంట్ల బ్యాగు సర్దుకుంటుంటే నానమ్మ వచ్చి మంచం మీద కూసున్నది. ఆమెది విజయనగరం దిక్కు. తాతకు రైల్వేల పని దొరికితే పెండ్లయినంక ఇటొచ్చింది. యాభై ఎనిమిదేండ్లు ఈ ఊర్ల ఉన్నా, మాట మాత్రం రైలు దిగలె.

"ఏటే మనో, కలకత్తా ఎళ్తన్నావంట?"

"అవు నానమ్మా."

"అయితే నది దాటి అవతలికెళ్ళు. హౌరా. మా అన్నయ్య ఉన్నాడో లేడో సూసి రా."

అన్నయ్య అంటే దేవసహాయం. పంతొమ్మిదేండ్ల వయసుల హౌరా గోనె మిల్లుల పనికి పోయిండు. ఆ కాలంల విజయనగరం, శ్రీకాకుళం దిక్కు నుంచి మస్తు మంది గట్ల పోయేటోళ్లంట. ముప్పై ఏండ్ల కింద దాకా ఉత్తరాలొచ్చినయి, తర్వాత బందైనయి. నానమ్మ రాసినవి "చిరునామాదారు లేరు" అని వెనక్కొచ్చినయి.

నాన్న పేపర్ పక్కకు పెట్టిండు. "అమ్మా, మామయ్య ఉంటే ఎనభై నాలుగేండ్లు. ఇంకా ఉంటడా?"

"నాకు డెబ్బై ఎనిమిది. నేను లేనా?" అన్నది నానమ్మ. తర్వాత నా దిక్కు తిరిగి మెల్లగ అన్నది, "ఉన్నాడంటే తిడతాను. లేడంటే ఏడుస్తాను. ఏదీ తేలక ముప్పై ఏళ్ళ నుంచి నడిమిన ఏలాడతన్నానే."

నాకు గుండె జెర బరువైంది. కానీ వయసు పొగరు ఊరుకుంటదా? "నానమ్మా, నా ఉద్యోగమే అది. మనిషి ఉన్నడా పోయిండా, ఒక్క చూపుతోని చెప్తా" అన్న. దేవుడు ఆ మాట రాసిపెట్టుకున్నడు.

ఆదివారం ట్రైనింగ్ లేదు. పొద్దున్నే హుగ్లీ ఒడ్డుకు పోయి లాంచీ ఎక్కిన. పొగమంచు ఎట్లున్నదంటే, నది ఉన్నదని చప్పుడు చెప్పాల్సిందే, కండ్లకు ఆనదు. లాంచీల ముప్పై మంది ఉంటరు. అందరు శాలువలు కప్పుకొని, మంకీ క్యాపులు దిగేసుకొని, ముక్కులు మాత్రమే బయటపెట్టి నిలబడ్డరు. ఒక్కరు మాట్లాడరు. మన దగ్గర బస్సుల గిట్ల ముప్పై మంది ఉంటే ముప్పై ఫోన్లు మోగుతుంటయి. ఇక్కడ ఇంజను డుగ్ డుగ్, కిందికెళ్లి నీళ్ల గలగల, అంతే. నడుమ నదికొచ్చినంక రెండు ఒడ్లు పోయినయి. "ఇది హౌరాకే పోతదా?" అని పక్కాయనను అడిగిన. ఆయన తలకాయ ఊపిండు. అవుననా, కాదనా తెల్వలె.

కాసేపటికి మంచుల ఒక పొగగొట్టం కనపడ్డది. పై సగమే. కింద సగం లేదు. గాలిల వేలాడుతున్నట్టు నిలబడ్డది. అది దేవసహాయం తాత పని చేసిన మిల్లుదే.

దిగి నడుచుకుంట పోయిన. మిల్లు గేటుకు తుప్పు పట్టింది, మీద గడియారం ఏనాడో ఆగింది. గోడ వెంబడి సందులు. ఒక సందుల బీహారోళ్లు, ఒక సందుల ఒడియావాళ్లు, ఒక దాంట్ల తెలుగోళ్లు, ఆ మూలకు దర్జీ సాయిబుల ఇండ్లు. మిల్లు నడిచినప్పుడు తలా ఒక దేశం నుంచి వచ్చినోళ్లు, మిల్లు పోయినా వీళ్లు పోలె. అయితే ఆ టైముకు మనుషులు కనపడరు, చప్పుళ్లే. మూసిన తలుపు వెనక కుట్టుమిషను టకటకమంటది. ఎక్కడనో దగ్గు. ఎవరో నా వెనక నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు. నేనాగితే అది ఆగుతది. తర్వాత అర్థమైంది, అది గోడకు తగిలి తిరిగొచ్చే నా చెప్పుల చప్పుడే. అప్పటికే నా నెత్తిమీద వెంట్రుకలు అటెన్షన్‌ల నిలబడ్డయి.

టీ కొట్టు దగ్గర ఒక ఒడియా మౌసి పొయ్యి అంటిస్తున్నది. నా హైదరాబాదీ హిందీల అడిగిన. ఆమె గరిటె చాపి "తెలుగు చర్చి, సందు చివర" అన్నది.

చర్చికి తాళం. ఆరాధన పదింటికంట. గేటు దగ్గర కుంపటి ముందల ఒక చౌకీదారు చలి కాగుతున్నడు.

"దేవసహాయం అని, మిల్లుల చేసేటోడు, మీకేమన్న ఎరుకేనా?"

ఆయన కుంపటి మీదికెళ్లి చేతులు తియ్యకుండనే హిందీల చెప్పిండు. "దేవ్ బాబా? వెనకకు పో బేటీ. భార్య పక్కన ఉంటరు. ఎప్పుడొచ్చినా అక్కడనే."

వెనక ఏమున్నది? సమాధుల తోట.

పాపం చౌకీదారు "ఉంటరు" అన్నడు. "ఉన్నరు" అనలె, "పండుకున్నరు" అనలె. వ్యాకరణం వచ్చినోళ్లెవరన్న ఆ ఒక్క మాటతోనే ఆగేటోళ్లు. నేను ఆగలె. "ఎంత లోతైన మాట చెప్పిండు ఈ పెద్దమనిషి" అనుకుంట లోపలికి పోయిన.

లోపల మంచు ఇంకా చిక్కగుంది. సమాధులు ఒకటొకటే బయటికొస్తున్నయి, నేను పోయేకొద్ది లేచి నిలబడుతున్నట్టు. కొన్ని ఇంగ్లీషు దొరలవి, రెక్కలు విరిగిన దేవదూతలు. ఇంకా లోపలికి పోతే తెలుగు అక్షరాలు. అంత దూరంల, ఆ నిశ్శబ్దంల, రాళ్ల మీద మన "అ ఆ"లు చూస్తుంటే ఎవరో తెలిసినోళ్లు గోడ వెనకకెళ్లి పిలుస్తున్నట్టనిపించింది.

దొరికింది. జంట సమాధి. ఎడమ దిక్కు "మేరీ సుశీల", పుట్టిన తేదీ, పోయిన తేదీ. కుడి దిక్కు "దేవసహాయం", పుట్టిన ఊరు విజయనగరం జిల్లా, పుట్టిన తేదీ. దాని కింద బంతిపూల దండ అడ్డమున్నది. ఇప్పుడే కడిగినట్టు రాయి తడిగున్నది. పూల మీద నీటి చుక్కలు సుత ఆరలె. చుట్టూ చూసిన. ఎవరు లేరు. ఎవరు కడిగిన్రు?

ఆ ప్రశ్న కాడ ఆగితే ఈ కథే లేకపోవు. దండ పక్కకు జరిపి తేదీ చూడాలె కదా, డెత్ క్లెయిముల మనిషిని! కానీ చచ్చినోళ్ల పూలు ముట్టుకునుడు మర్యాద కాదనిపించింది. ఆఫీసుల వందమందిని ఏడిపించిన ప్రశ్న, సొంత తాత దగ్గరికొచ్చేసరికి నోట్ల నుంచి రాలె. ఫోటో తీసిన. కండ్లు తుడుచుకున్న. "మన కుటుంబం" అనే వాట్సాప్ గ్రూపుల పెట్టిన. కింద రాసిన: "పెద్ద తాత దేవసహాయం గారు ప్రభువునందు నిద్రించారు. సమాధి దగ్గర ఉన్నాను. నానమ్మకు మెల్లగా చెప్పండి."

పంపిన. రెండు టిక్కులు పడ్డయి.

సరిగ్గ అప్పుడే, నా వెనక మంచుల నుంచి ఒక గొంతు.

"చిట్టీ..."

వణుకుతున్న గొంతు, అచ్చ తెలుగు. నా పేరు మనోరమ. చిట్టి అనేది మా నానమ్మ చిన్నప్పటి పేరు. ఆ పేరుతోని ఆమెను పిలిచే మనిషి లోకంల ఒక్కడే, ఆయన నా కాళ్ల ముందల రాయి కింద ఉన్నడు.

మెడ తిప్పిన. మెడ తిరిగింది కానీ మిగిలిన ఒళ్లు తిరగలె. పది అడుగుల దూరంల తెల్ల శాలువ, మంకీ క్యాపు, చేతిల నీళ్ల చెంబు. కాళ్లు మంచుల కనపడుతలేవు.

"ఎ... ఎవరు?"

"నేనే చిట్టీ. దేవసహాయాన్ని. నన్ను తీస్కెళ్ళిపోడానికొచ్చావా?"

నేను రాయి దిక్కు చూసిన. ఆయన దిక్కు చూసిన. మల్ల రాయి దిక్కు చూసిన. దయ్యాలు చీకటి పడ్డంకనే రావాలని రూలెక్కడ ఉన్నది?

తర్వాత నేను చేసిన పనిని పరుగు అంటే పరుగుకు అవమానం. ఒక చెప్పు సమాధుల మధ్యల ఊడింది. చౌకీదారు కుంపటి ఎగిరి దుంకిన. టీ కొట్టు దాటిన. "భూత్! భూత్!" అని కేకలు పెట్టుకుంట, అటు ఇటు చూడక నది ఘాటు మెట్లు దిగిన. మెట్లు అయిపోయినయి, నేను ఆగలె. నది ఆటు మీద ఉన్నది, నీళ్లు వెనకకు పోయి ఒడ్డంత బురద. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నరు పెద్దలు. వాళ్ల లెక్క కాలు దాకనే. నాకు నడుము దాకా దిగింది. చేతిల ఫోను నాకంటే ముందే బురదల మునిగింది.

అప్పటిదాకా కనపడని మనుషులంత ఎక్కడికెళ్లి వచ్చిన్రో! తలుపులు తెరుచుకున్నయి. నలుగురు పట్టి నన్ను పైకి గుంజిన్రు. ఒక బెంగాలీ అమ్మ నా పిడికిట్ల ఇనుప తాళపుచెవి పెట్టి "వదలకు" అన్నది. బీహారీ తాత నా చెవి దగ్గర హనుమంతుని పేరు గట్టిగ చదువుడు షురూ చేసిండు. దర్జీ చాచా గిలాసల నీళ్లు తెచ్చి, కండ్లు మూసుకొని ఏదో చదివి మూడుసార్లు ఊదిండు. ఒడియా మౌసి ఎండు మిరపకాయలు నా చుట్టు తిప్పి పొయ్యిల వేసింది. ఆ ఘాటుకు దయ్యం సంగతేమో గానీ అందరం దగ్గినం. నేను క్రైస్తవురాలిని, కానీ ఆ పొద్దు ఎవరేమిచ్చినా కాదనలె. ఇంట్ల గెలిచి రచ్చ గెలవాలంటరు, నన్ను మాత్రం రచ్చే కాపాడింది.

"ఎట్లుంది దయ్యం?" చాచా అడిగిండు.

"తెల్ల శాలువ. ముసలోడు. చేతిల చెంబు."

"ఎక్కడ?"

"చర్చి వెనక. దేవసహాయం అంటున్నది."

అందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మెట్ల మీద అడుగుల చప్పుడు. తెల్ల శాలువ దిగుతున్నది. మెల్లగ, ఆయాసపడుకుంట. చెంబు లేదు. చేతిల నా చెప్పు.

మౌసి పొట్ట పట్టుకొని నవ్వింది. "దేవ్ బాబా! పొద్దున్నే పిల్లను భయపెడతవా?"

"నేనెక్కడ భయపెట్టానే?" అని ఆయన మెట్టు మీద కూలబడి, ఊపిరి తీసుకొని, నా దిక్కు వేలు చూపించిండు. "అదే నన్ను సంపేసింది. మా చెల్లి ఇరవై ఏళ్ళ మొకం ఏసుకుని నా సమాధి కాడ నిలబడుంటే, ఏటనుకోవాలి? అది పోయింది, నన్ను తీస్కెళ్ళడానికొచ్చింది అనుకున్నాను. చెప్పు ఊడ్డాక గాని మనిషని తెలీలేదు."

ఆమె మనుమరాలినని చెప్పిన. అంటే ఆయనకు నేను దయ్యాన్ని. నాకు ఆయన దయ్యం. నిజం చెప్పాలంటే ఇద్దరిల ఎక్కువ భయపడ్డది ఆయనే, కానీ ఎక్కువ ఉరికింది నేను.

సంగతి ఏందంటే, భార్య పోయినప్పుడు రాయి చెక్కెటోడు "ఇద్దరి పేర్లు ఒక్కసారే చెక్కుదాం బాబా, తర్వాత తేదీ ఒక్కటే పని" అన్నడంట. ఈయన సరే అన్నడు. మిల్లుల ఫిట్టరు కదా, ఏ పనైనా ముందే చేసి పెట్టుకునే రకం. అప్పటినుంచి దినాం పొద్దున పోయి రాయి కడిగి, భార్య దిక్కున్న పూలను తన దిక్కు సుత జెర జరుపుతడు. దండ కింద తేదీ ఉండాల్సిన జాగ ఖాళీ. చింత చచ్చినా పులుపు చావదంటరు గదా. ఇక్కడ చింత సుత చావలె.

వరసగ కట్టిన వాళ్ల మిల్లు లైనింటికి తీసుకపోయిన్రు. బెంగాలీ అమ్మ నీళ్లు కాచి, తన చీర కట్టించింది. నేను తయారై తాత గదిలకు పోయేసరికి కాళ్లు మళ్లా ఆగినయి. గోడ మీద నేనున్న. అదే ముక్కు, అదే వంకర పాపిట, అదే చూపు. కాకపోతే నలుపు తెలుపు ఫోటో, నేను పుట్టక ముప్పై ఏండ్ల ముందుది. ఆ ఫోటో కింద కూసొని తాత నన్నే చూస్తున్నడు.

"పెళ్ళికి ఎళ్ళలేకపోయాను, మిల్లులో సెలవియ్యలేదు. అది పంపింది ఈ ఫోటో," అన్నడు తాత. "తరవాత నా ఉత్తరాలు బోయిగూడ నుంచి తిరిగొచ్చేసేవి."

"మేము బోయిగూడల ఇల్లు ఖాళీ చేసి సీతాఫల్‌మండి వచ్చినం తాతా. నానమ్మ మిల్లు పేరు మీద రాసింది."

"మిల్లు మూసేసారు కదమ్మా."

ఇదీ కథ. ఇల్లు మారిన ఒకరు, మిల్లు పోయిన ఒకరు, ముప్పై ఏండ్లు ఒకరి కోసం ఒకరు మనసుల ఏడ్చుకున్నరు.

అప్పుడు నాకు గ్రూపు యాదికొచ్చింది.

"ఫోను! నా ఫోను!"

తాత దాన్ని విప్పి, తుడిచి, బియ్యం డబ్బాల పెట్టిండు. "రెండు గంటలు కదపకు" అని ఆర్డరు. వేరే ఫోను నుంచి చేద్దామంటే నాకు ఒక్కరి నంబరు నోటికి రాదు. నాన్నది రాదు, అమ్మది రాదు. ఆఫీసు టోల్ ఫ్రీ నంబరు మాత్రం నిద్రల సుత చెప్తా. దానికి చేసి ఏం చెప్పాలె? "హలో, ఒక క్లెయిము వాపస్ తీసుకుంటున్న" అనా?

రెండు గంటలైనంక ఫోనుకు పానం వచ్చింది. తాత వేలితోని నొక్కుతుంటే ఒక్కసారి గుక్కపెట్టి ఏడ్చినట్టు మోగుడు షురూ చేసింది. మూడువందల పన్నెండు మెసేజీలు. చేతులు జోడించిన బొమ్మలు, కొవ్వొత్తులు, పావురాలు. మా బాబాయి కొడుకు బ్లెస్సన్‌కు ఫ్లెక్సీల షాపున్నది. వాడు తాత పంతొమ్మిదేండ్ల ఫోటోను ఏనుగంత చేసి, చుట్టు మబ్బులు పెట్టి, గల్లీ మూలకు కట్టి, దాని పక్కన నిలబడి దిగిన ఫోటో సుత పెట్టిండు. పాస్టరు గారు ఆరాధనల ప్రకటించిండ్రంట. ఆరాధన కాంగనే మా ఇంట్ల సంతాప కూడిక.

అన్నిటి మధ్యల నానమ్మ వాయిస్ మెసేజ్ ఒక్కటి. ఏడుపు లేదు. "మనో, రాయి బాగుంది గాని, తేదీ ఏదే?"

ఆ ఇంట్ల డెత్ క్లెయిముల ఉద్యోగం ఎవరికియ్యాల్నో మీరే చెప్పుండ్రి.

నాన్నకు ఫోన్ చేసిన.

"నాన్నా! తాత బతికే ఉన్నడు!"

"అవు బిడ్డా," నాన్న గొంతు బొంగురుపోయింది. "మన గుండెల్ల ఎప్పటికీ బతికే ఉంటడు."

"అట్ల కాదు నాన్నా, నిజంగ బతికున్నడు!"

"నిత్యజీవంల ఉన్నడమ్మా. పాస్టరు గారు సుత అదే చెప్తున్నరు. ఏడ్వకు."

"నాన్నా, నా పక్కన కూసొని బొరుగులు తింటున్నడు!"

తర్వాత నాన్న ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో అంటున్నది వినపడ్డది: "పిల్లకు షాక్ తగిలినట్టుంది. మాటలు తప్పుతున్నయి."

ఇగ లాభం లేదని వీడియో కాల్ చేసిన. అక్కడ మా హాలు నిండ ప్లాస్టిక్ కుర్చీలు, తెల్ల చీరలు, తలలు వంచిన జనం. పాస్టరు గారు పునరుత్థానం గురించి చెప్తున్నరు. నాన్న ఫోను ఎత్తగానే నేను తెరను తాత దిక్కు తిప్పిన. మంకీ క్యాపు, రెండు కండ్లు, గడ్డం మీద బొరుగు.

అల్వాల్ అత్త పెట్టిన కేక హౌరా దాకా ఫోను లేకున్నా వినపడేది. ఆమె పడ్డది, ఆమె కుర్చీ పడ్డది, పక్క కుర్చీ పడ్డది. పాస్టరు గారు బైబిలు గుండెకు అదుముకొని రెండడుగులు వెనకకు జరిగిన్రు. నలభై ఏండ్ల సంది ఆ విషయం మీదనే ప్రసంగాలు చేస్తున్నరు, కానీ కండ్ల ముందల జరుగుతదని ఆయన సుత అనుకోలె.

"ఇలా తెండి," అన్నది ఒక గొంతు. నానమ్మ. ఫోను ఆమె చేతికి పోయింది. తెర నిండ ఆమె మొఖం. ఇటు తాత క్యాపు తీసిండు. ఆయన వెనక బీహారీ తాత, ఒడియా మౌసి, దర్జీ చాచా, బెంగాలీ అమ్మ, ఊపిరి బిగబట్టిన్రు. మాట తెల్వకున్నా అందరికి సంగతి తెలిసింది.

చాలాసేపు చూసింది నానమ్మ.

"ముసలోడివైపోయావురా అన్నయ్యా."

"నీ పళ్ళేవే, చిట్టీ?"

ఆమె నోరు మూసుకోబోయింది, చాతకాలె. పండ్లు లేని నవ్వు ఇటు ఒకటి, అటు ఒకటి. తర్వాత ఆ నవ్వు మెల్లగ విరిగింది, ఇద్దరు ఏడ్చిన్రు. ఇటు నలుగురు, అటు నలభై మంది. తిట్టుడు మాత్రం మరుసటి రోజు నుంచి మొదలైంది, ఇప్పటిదాకా ఆగలె.

ఆయన నెల తర్వాత సికింద్రాబాద్ వచ్చి, నలభై రోజులుండి, "నా మనుషులక్కడ ఉన్నారు, మేరీ అక్కడుంది" అని మల్ల హౌరా పోయిండు. ఎనిమిదేండ్లైంది. ఆయనకిప్పుడు తొంభై రెండు, ఆమెకు ఎనభై ఆరు. ప్రతి ఆదివారం పొద్దున నానమ్మ ఫోను మోగుతది.

"చిట్టీ, నేనింకా ఉన్నాను."

"సరే. నేనూ ఉన్నాను."

అంతే, పెట్టేస్తరు.

నేను మాత్రం ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్న, ఇప్పుడు మీ అందరి ముందల మళ్లా పెడుతున్న: ఇగ జన్మల ఎవరినీ చంపను. రాయి చూసి చంపను, పూలు చూసి చంపను, చౌకీదారు మాట విని అసలే చంపను. పోయిన మనిషే స్వయంగ నా బల్ల ముందలికి వచ్చి, "అమ్మా, నేను పోయిన" అని సంతకం పెట్టిచ్చినా సరే, ఇంకొక సాక్షిని పిలుచుకరమ్మంట.